ఇరవై ఎనిమిది సందులు

పోయిన నెల బెంజ్ సర్కిల్ దగ్గర కళ్ళజోళ్ళ కొట్టులో రాఘవరావు గారు కనిపించారు. డిగ్రీలో మాకు లెక్కలు చెప్పిన మనిషి. జుట్టు మొత్తం పోయింది, గొంతు మాత్రం అలాగే ఉంది. నేనే ముందు గుర్తుపట్టి నమస్కారం పెట్టాను. పెట్టకుండా తప్పుకుంటే, రేపు నలుగురి దగ్గర ఆయన చెప్పుకోవడానికి నేనే ఒక మాట అందించినట్టవుతుంది. ఆయన కొత్త అద్దాల్లోంచి నన్ను కాసేపు పరీక్షగా చూసి, "నువ్వు ఆ రేకుల అమ్మాయివి కదూ?" అన్నారు. "కాశింబీనండీ" అన్నాను. "అదేలేమ్మా. అప్పట్లో మనం ఆ నాలుగు కొలతల డబ్బా ఒకటి చేయించాం, గుర్తుందా? యూనివర్సిటీ ఆవిడ ఎంత మెచ్చుకుందనీ." నేను చేతిసంచీ కింద పెట్టి చెప్పాను: "అది డబ్బా కాదండీ. చేసింది మా నాన్న, లెక్క వేసింది నేను. ఆ రోజు మీరు నన్ను మాట్లాడొద్దన్నారు." ఆయన నవ్వేసి, "ఇంకా అట్టాగే ఉన్నావమ్మా" అని కౌంటరు వైపు తిరిగారు. అవును, ఇంకా అట్టాగే ఉన్నాను. మైలవరం బస్సెక్కి ఇంటికొచ్చాను. ఆయన ఈ కథ ఇన్నేళ్ళూ ఎంతమందికి ఆ రకంగా చెప్పి ఉంటారో. జరిగింది జరిగినట్టు ఎవరో ఒకరు రాసి పెట్టాలి కాబట్టి నేను రాస్తున్నాను. నాకు ఎవరి మీదా కోపం లేదని రాయను. ఉంది, వరసతో సహా గుర్తుంది. కానీ లెక్కల టీచర్ని, లెక్క తప్పు రాయను.

మా ఇల్లు వన్‌టౌన్‌లో ఒక సందులో ఉండేది. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు, మధ్యలో గోనెపట్టా తెర. మేము సాయిబులమే గానీ మా ఇంట్లో తెలుగు తప్ప మరో మాట లేదు. దాని గురించి అటువాళ్ళూ ఇటువాళ్ళూ అన్న మాటలు నా దగ్గర భద్రంగానే ఉన్నాయి, వాటిని ఇక్కడ విప్పను. మా నాన్న మస్తానయ్యది రేకు పని. హోటళ్ళలో ఖాళీ అయిన నూనె డబ్బాలు తెచ్చి, అతుకులు విప్పి, కొయ్య సుత్తితో చదును చేసి, వాటితో గరాటులు, కిరోసిన్ కొలతలు, బియ్యం డబ్బాలు, చేపలవాళ్ళకి ఐసు పెట్టెలు చేసేవాడు. డబ్బాల జిడ్డు వదిలించడం అమ్మ పని. పెరట్లో మూడు ఇటికల పొయ్యి మీద పెద్ద తప్పేలాలో నీళ్ళు సలసలా కాగుతుంటే, బూడిద చల్లి, కొబ్బరిపీచుతో తోమి, ఎండలో వరసగా బోర్లించేది. మా ఇంటికి మూడు వాసనలు. పొద్దున వేరుశనగ నూనె కాగిన వాసన. పది దాటాక నాన్న సీసం కరిగించి అతుకులకి మాటు వేయడం మొదలుపెడితే, కాలిన రాగి కడ్డీ మీద నవసాగరం చల్లినప్పుడు లేచే తెల్లటి పొగ. దానికి అమ్మ తెర ఇవతల దగ్గేది, నాన్న తెర అవతల "అయిపోయిందే, అయిపోయింది" అనేవాడు. అది సాయంత్రం దాకా అయ్యేది కాదు. మూడోది పొద్దుగూకేటప్పటికి అమ్మ పెట్టే పులుసు వాసన, అది మాత్రం మిగతా రెండింటినీ జయించేది. నాన్న చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. దాన్ని వాడగా నేను చూడలేదు. ఆయన గీత గీయాలంటే మేకు తీసుకుని రేకు మీదే గీసేవాడు. పెన్సిలు గీత చెరిగిపోతుంది, మేకు గీత మాట మీద నిలబడుతుంది అనేవాడు.

మాట మీద నిలబడటం, పడ్డ మాట మరవకపోవడం మా ఇంటి జబ్బు. "మీ ఇంటోళ్ళు అన్నం లేకపోయినా ఉంటారు గానీ, ఎవురో అన్న మాట ఒకటి నంజుకోడానికి లేకపోతే ఉండలేరు" అని అమ్మ ఎప్పుడూ అనేది. నాన్న నంజుకునే మాట నాగమ్మది. కైకలూరు వైపు నుంచి కొల్లేటి చేప తెచ్చే మనిషి, పెద్ద నోరు, అంతకన్నా పెద్ద మనసు. ఆవిడకి చేసిచ్చిన ఐసు పెట్టె ఒకటి మూల దగ్గర కారింది. మర్నాడు ఆ పెట్టెను రిక్షాలో వేసుకొచ్చి, సందు మొత్తం వినేటట్టు, "మస్తానయ్యా, నీ పెట్టెకి ఏం కట్టమొచ్చిందో, దారంతా ఏడుస్తానే ఉంది. కాస్త ఊరుకోబెట్టు" అంది. ఎదురు కొట్టు వాళ్ళు పడీ పడీ నవ్వారు. నాన్న ఒక్క మాట మాట్లాడకుండా మూల విప్పి మళ్ళీ మాటు వేసి ఇచ్చాడు. ఆవిడ ఆ సంగతి ఆ వారమే మరిచిపోయి, వచ్చినప్పుడల్లా మాకు రెండు కొరమీనులు పడేసి పోయేది. నాన్న మరవలేదు. ఆనాటి నుంచి ఆయన చేతిలోంచి ఏ వస్తువు బయటికి పోవాలన్నా నీళ్ళ పరీక్ష తప్పదు. పెట్టెని నిండా నీళ్ళతో నింపి, కింద పాత పేపరు పరిచి, పొద్దుటి నమాజు నుంచి కొట్టు తెరిచేదాకా ఉంచేవాడు. పేపరు మీద చెమ్మ చుక్క కనిపిస్తే ఆ వస్తువు అమ్మకానికి పోదు. గరాటుకి కూడా వేలు అడ్డం పెట్టి పరీక్ష చేసేవాడు. రొట్టెల డబ్బాకి నీళ్ళతో ఏం పని అని అమ్మ అడిగితే, "ఏ డబ్బాకైనా సందు సందే" అనేవాడు.

ఆ ఇంట్లోంచి నేను బీఎస్సీ లెక్కల క్లాసుకి వెళ్ళాను. చివరి ఏడాది కాలేజీలో విద్యార్థుల సదస్సు పెట్టారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఏదైనా ఒక విషయం తీసుకుని, యూనివర్సిటీ నుంచి వచ్చే ప్రొఫెసరు గారి ముందు మాట్లాడాలి. మూడేళ్ళలో ఒక్కసారి కూడా క్లాసులో నన్ను బోర్డు దగ్గరికి పిలవలేదు. ఆ పది నిమిషాలు నాకు కావాలి అనుకున్నాను. లైబ్రరీలో అట్ట ఊడిపోయిన ఒక పాత ఇంగ్లీషు పుస్తకం ఉండేది. ఇంటికి ఇవ్వం అన్నారు కాబట్టి రోజూ మధ్యాహ్నం భోజనం మానేసి అక్కడే కూర్చుని చదివాను. అందులో బొమ్మలేని ఒక పేరాలో నా ఆకారం ఉంది. మామూలు ఘనం, అంటే పాచిక ఆకారం, తీసుకుని ప్రతి అంచు నడిమధ్యా గుర్తు పెట్టి, ఆ గుర్తుల మీదుగా ఎనిమిది మూలలూ కోసేస్తే ఆరు చతురస్రాలు, ఎనిమిది త్రిభుజాలు ఉన్న పద్నాలుగు ముఖాల దిమ్మ వస్తుంది. ఇంతవరకూ చేత్తో చేయొచ్చు. ఇప్పుడు మనకున్న పొడుగు, వెడల్పు, ఎత్తు కాక నాలుగో కొలత కూడా ఉందనుకోండి. అక్కడి ఘనానికి గోడలు చతురస్రాలు కావు, ఘనాలే గోడలు, అవి ఎనిమిది. మూలలు పదహారు. దానికీ అదే కోత కోస్తే ఎనిమిది గోడలూ ఎనిమిది దిమ్మలవుతాయి, కోసిన పదహారు మూలల చోట పదహారు చిన్న పిరమిడ్లు మిగులుతాయి, నాలుగేసి త్రిభుజాలవి. మూలలన్నీ ఒకేలా ఉండే ఇలాంటివాటిని యూనిఫాం పాలిటోప్ అంటారు. కొత్తగా ఏర్పడ్డ మూలలు ముప్పై రెండు, ఏ మూలలో నిలబడి చూసినా చుట్టూ మూడు దిమ్మలు, రెండు పిరమిడ్లు. ఒక మూల పైవరస, ఒక మూల వెనక బెంచీ అన్న తేడా లేదు. వెనక బెంచీలో కూర్చునేదాన్ని కాబట్టి ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

విషయం పేరు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు రాఘవరావు గారు చీటీ చదివి క్లాసు మొత్తానికీ వినిపించారు. "నాలుగో దిక్కంట. ఎటుందో వేలు పెట్టి చూపించమ్మా, మీ రేకుల కొట్టు వైపా?" నలభై మంది నవ్వారు. ఎవరెవరు నవ్వారో చెప్పగలను. నేను అన్నాను: "చూపించలేనండీ. విప్పి పరిచి చూపిస్తాను." అట్టపెట్టెను విప్పి నేల మీద పరిస్తే ఆరు చతురస్రాలు పడుకుని ఉంటాయి. పెట్టె ఎత్తుని ఎప్పుడూ చూడని చీమకి కూడా ఆ ఆరూ కనిపిస్తాయి. అట్లాగే నాలుగు కొలతల వస్తువును విప్పి మన గదిలో పరిస్తే ఎనిమిది దిమ్మలు, పదహారు పిరమిడ్లు ఒకదానికొకటి అతుక్కుని కనిపించాలి. ఆయన, "సరే, తీసుకురా చూద్దాం. తేకపోతే పేరు కొట్టేస్తా" అన్నారు.

నాన్నకి చెప్పినప్పుడు నేను కొలతలు మాత్రమే చెప్పాను. ఇది నేను సరిగ్గా రాయాల్సిన చోటు. మూడంగుళాల అంచు, పద్నాలుగు ముఖాల దిమ్మలు ఎనిమిది, నాలుగు ముఖాల పిరమిడ్లు పదహారు అని మేకుతో రేకు మీద గీసి ఇచ్చాను. ఆయన, "ఏం పోసుకోడానికమ్మా ఇది?" అన్నాడు. "ఏం పోయరు నాన్నా. కాలేజీకి" అన్నాను. "పోయకపోతే డబ్బా ఎందుకు?" అన్నాడు. "చెప్పినా నీకు తెలీదులే" అన్నాను. అంత తేలిగ్గా అన్నాను. రాఘవరావు గారు నన్ను అన్నదానికీ దీనికీ దూరం ఎంతో అప్పుడు కొలుచుకోలేదు. నాన్న రేకు దగ్గరికి లాక్కుని పద్నాలుగు ముఖాలూ ఒక్క ముక్కలో ఎట్లా కోయాలో చూసుకున్నాడు. మొదటి దిమ్మకి రెండు రోజులు పట్టింది. నాలుగో దిమ్మకి ఆయన చేతికి లెక్క అందింది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కోసిన రేకుని మడిచేటప్పుడు, "చూశావా, ఇక్కడ ఖాళీ వదల్లేదనుకో, మడత లేవదు. రేకు రేకులాగే పడుంటది. ఖాళీ ఉంటేనే వస్తువు" అని తనలో తను చెప్పుకున్నట్టు చెప్పాడు. నేను నాలుగో కొలత గురించి చదివిన పుస్తకం అంతా కలిపి అంతకన్నా ఎక్కువ చెప్పలేదు. "నాన్నా, నా లెక్కలో కూడా అంతే" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నాకు ఇంగ్లీషులో పది నిమిషాల ఉపన్యాసం బట్టీ పట్టే తొందర.

అన్నీ అయ్యాక ఒక దిమ్మని మధ్యలో పెట్టి, దాని ఆరు చతురస్రాల మీదా ఆరు దిమ్మలు, ఎనిమిది త్రిభుజాల మీదా ఎనిమిది పిరమిడ్లు అతికించాడు. ఎనిమిదో దిమ్మ ఒకదాని నెత్తిన, మిగిలిన ఎనిమిది పిరమిడ్లు దాని చుట్టూ. ఎత్తు మోకాలి దాకా వచ్చింది. లోపలివైపు నూనె కంపెనీ పువ్వు బొమ్మలు, బయట తళతళలాడే రేకు. కానీ రెండు దిమ్మలూ ఒక పిరమిడ్డూ ఒకే అంచు దగ్గర కలిసే ప్రతిచోటా ఒక సందు మిగిలింది. అక్కడి మూడు కోణాలూ కలిపితే మూడు వందల ఇరవై ఒక్క డిగ్రీలు. చుట్టు పూర్తి కావడానికి ముప్పై తొమ్మిదికి వెంట్రుకంత తక్కువ. అట్లాంటి సందులు ఇరవై ఎనిమిది. అవి ఉండాలి. నాలుగో దిక్కు లోకి మడిచినప్పుడు ఆ సందులు మూసుకోవాలి, అందుకే అవి ఉన్నాయి. వస్తువులో అసలు సంగతి అంతా ఆ సందుల్లోనే ఉంది. నాన్న ఒక్కో సందులో వేలు పెట్టి చూసి మొహం ముడుచుకున్నాడు. నేను రేపటి చీర ఇస్త్రీ చేయించుకోవడానికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి నవసాగరం వాసన ఇంటినిండా ఉంది. ఆ వేళకి రాకూడని వాసన. తెర తీసి చూస్తే నాన్న చెమటతో కూర్చుని ఉన్నాడు. వస్తువు ఆయన ముందు ఉంది, ఒక్క సందూ లేదు. సన్నటి త్రిభుజాలు కోసి, ఒక్కో సందుకి అటొకటి ఇటొకటి పెట్టి, మాటు వేసి, మొత్తం మూసేశాడు. కింద పేపరు పరిచి ఉంది, పొడిగా.

"బిందెడు నీళ్ళు పోసి చూశానమ్మా, ఎక్కడికక్కడ కారిపోతన్నాయి. ఇప్పుడు చూడు, చుక్క పోదు" అన్నాడు.

నేనేమన్నానో అక్షరం మారకుండా రాస్తాను. "నిన్నెవరు ముట్టుకోమన్నారు? తెలియనివాటిల్లో వేలెందుకు పెడతావు? మూడేళ్ళ చదువు మూడు గంటల్లో పాడు చేశావు." అమ్మ తెర పట్టుకుని నిలబడి, "ఏంటే ఆ నోరు" అంది. నాన్న కడ్డీ నీళ్ళ తొట్లో ముంచాడు. అది చుయ్యిమంది. "విప్పేదా?" అన్నాడు. టైము లేదు. తొమ్మిదిన్నరకి సదస్సు. ఆయనే దాన్ని గోనెలో చుట్టి భుజాన పెట్టుకుని, నాతో ఆటో ఎక్కాడు. 

రాఘవరావు గారు చూశారు, పుస్తకం తెరిచి మళ్ళీ చూశారు. "ఇందులో సందులుండాలమ్మా. సందే లేకపోతే ఎటు మడుస్తావు? ఇప్పుడిది నీళ్ళ డబ్బా. ప్రొఫెసరు గారి ముందు పెట్టి నన్ను తలొంచుకోమంటావా?" అని జాబితాలో నా పేరు మీద గీత పెట్టారు. ఆయన అన్న మాట నిజమే. ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇది చేర్చను. చేర్చేది దీని తర్వాతది. నేను, "వస్తువు లేకుండా బోర్డు మీద చెప్తానండీ" అన్నాను. "నీ వంతు అయిపోయింది, వెళ్ళి కూర్చో" అన్నారు. సదస్సు అప్పటికి మొదలే కాలేదు. నేను కూర్చోలేదు. హాలు గుమ్మం పక్క గోడకి ఆనుకుని పన్నెండింటి దాకా నిలబడ్డాను. ఒకరిద్దరు కుర్చీ చూపించారు. కూర్చుంటే ఆయన చెప్పినట్టు విన్నదాన్ని అవుతాను.

టీ ఇచ్చేటప్పుడు ప్రొఫెసరు గారు వరండాలోకి వచ్చారు. పొట్టిగా, నేత చీరలో ఉన్న పెద్దావిడ. అక్కడ నాన్న గోనె విప్పి, తువ్వాలుతో రేకు మీద వేలిముద్రలు తుడుస్తున్నాడు. ఇంటికి తీసుకుపోయే వస్తువైనా మరకతో తీసుకుపోడు. ఆవిడ కప్పు పట్టుకుని వంగి చూశారు.

"ఇవి ఎనిమిదీ పదహారూ కదా. మధ్యలో ఈ సన్న ముక్కలేంటండీ?" అన్నారు.

నాన్న లేచి నిలబడ్డాడు. "సందులండీ. మూశాను. అదుగో, ఆ గోడ కాడున్న మా పిల్ల మూయకూడదంటోంది, నాకు తెలీక మూశాను."

"ఎన్ని ముక్కలు?"

"యాభై ఆరండీ."

"ఒక్కోటీ కొలిచి కోశారా?"

"లేదండీ. ఒకటి కోసి పెట్టి చూశా, సరిపోయింది. దాన్నే అచ్చు పెట్టుకుని మిగతావన్నీ కోశా."   నాగమ్మ ముందు మింగిన మాట ఇక్కడ బయటికి వస్తోంది. "తప్పు నా చేతిదైతే ఒకచోట సందు వేలెడు ఉండాల, ఇంకోచోట గోరంత ఉండాలండీ. ఇరవై ఎనిమిది చోట్లా ఒకటే అచ్చు. చేతితప్పు ఇట్టా రాదు. ఇది వస్తువులోనే ఉంది. ఎందుకుందో నాకు తెలీదు గానీ, తప్పు మాత్రం నాది కాదండీ."

ఆవిడ కప్పు కిటికీ గట్టు మీద పెట్టేశారు. "మరి తప్పు కాదని తెలిసీ ఎందుకు మూశారు?"

"పిల్ల నలుగురి ముందు పెట్టేదండీ. సందు చూసి నవ్వుతారని."

నేను గోడ దగ్గర నుంచి ఇదంతా విన్నాను. ఇరవై ఎనిమిది కోణాలు సమానమని నేను నాలుగు పేజీల్లో తేల్చాను. ఆయన ఒక్క రేకు ముక్కతో తేల్చి, దాన్ని పట్టుకుని నా వైపు చూడకుండా నిలబడ్డాడు. ప్రొఫెసరు గారు లోపలికి వెళ్ళి రాఘవరావు గారితో, "ఆ గోడ దగ్గర అమ్మాయి ఎప్పుడు మాట్లాడుతుంది?" అన్నారు. ఆయన, "భోజనాల తర్వాతండీ, జాబితాలో ఉంది" అన్నారు. అంతే తేలిగ్గా.

బట్టీ పట్టిన ఇంగ్లీషు ఉపన్యాసం మానేసి తెలుగులో మాట్లాడాను. వస్తువుని బల్ల మీద పెట్టి, నాన్న దగ్గర మిగిలిన అచ్చు ముక్కని చేతిలో పట్టుకుని, "ఈ ముక్కలు యాభై ఆరూ తీసేస్తే మిగిలే ఖాళీయే నాలుగో దిక్కుకి దారి. రేకు మడవాలంటే మూల దగ్గర ఖాళీ వదలాలి. దిమ్మలు మడవాలంటే అంచు దగ్గర వదలాలి. మనం ఆ మడత చూడలేం, కానీ దానికి ఎంత చోటు కావాలో ఇదిగో, చేత్తో పట్టుకోవచ్చు" అని చెప్పాను. పది నిమిషాలు కాదు, పావుగంట మాట్లాడాను, ఎవరూ గంట కొట్టలేదు. ప్రొఫెసరు గారు ఆ ముక్కని అడిగి తీసుకుని స్కేలు పెట్టి కొలిచారు. లెక్క ప్రకారం ఆ ముక్క పొడుగు అంచు మీద గీసే చతురస్రం, పొట్టి అంచు మీద గీసే చతురస్రానికి మూడింతలు రావాలి. వచ్చింది. నాన్న గుమ్మం బయట, చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు, ఎందుకంటే నాకు తట్టలేదు.

ఆ ఏడాది కాలేజీ పత్రికలో దాని ఫోటో వేశారు. కింద "రాఘవరావు గారి పర్యవేక్షణలో తయారైన నమూనా" అని రాశారు. నా పేరు లేదు, నాన్న పేరు లేదు. ప్రిన్సిపాలు గారికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రాఘవరావు గారికి రాశాను. మొత్తం ఏడు ఉత్తరాలు, రిజిస్టర్డు పోస్టులో, రసీదులు దాచాను. నాలుగోదానికి, "చిన్న విషయాలకి పెద్దగా బాధపడకూడదు" అని ఒక కార్డు వచ్చింది. ఐదో ఉత్తరం ఆ కార్డు మీద ఫిర్యాదు.

ఇప్పుడు మైలవరంలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. మా బడి పిల్లల్లో ఒకమ్మాయి ఆ ఆకారాన్ని ఫోనులో తెచ్చి చూపించింది. రంగురంగులుగా తిరుగుతూ, తనలోంచి తను బయటికి వస్తూ, సందులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. చాలా బాగుంది, మాకు లైబ్రరీలో ఒక్క బొమ్మ కూడా దొరకలేదు. పిల్లలు అర నిమిషం చూసి "భలే ఉంది మేడమ్" అని తర్వాతది చూడటానికి వేలు జరిపారు. వాళ్ళని తప్పు పట్టను. కానీ దాన్ని చూడటం తేలికైపోయాక, దాని మీద అనుమానపడేవాళ్ళు లేకుండా పోయారు. "ఇక్కడ సందెందుకుంది, తప్పు ఎవరిది?" అని అడిగిన మనిషిని ఇన్నేళ్ళలో ఒక్కణ్ణే చూశాను, ఆయన నీళ్ళు పోసి మరీ అడిగాడు. ఈ సంగతిలో మాత్రం అప్పటి కాలమే గట్టిదని నేను ఎక్కడైనా నిలబడి చెప్తాను.

నాన్న ఆ రోజు గురించి ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆ మర్నాటి నుంచి నా వస్తువు ఏది అడ్డం వచ్చినా ఆగిపోయేవాడు. కొట్టులో బల్ల మీద నా పుస్తకం ఉంటే, "ఇది ముట్టుకోవచ్చా అమ్మా?" అనేవాడు. ఎంతో మర్యాదగా. నాకు ఉద్యోగమొచ్చాక మైలవరం వచ్చేవాడు. మంచం మీద నేను దిద్దే పరీక్ష పేపర్ల కట్టలుండేవి. చేతిలో నీళ్ళ గ్లాసుతో నిలబడే, "టీచరమ్మ గారూ, ఈ కాయితాలు ముట్టుకోవచ్చా? ఒక పక్కన కూచుంటా" అనేవాడు. వచ్చిన ప్రతిసారీ. నేను నవ్వి ఊరుకునేదాన్ని, అలవాటనుకున్నట్టు. అలవాటు కాదని ఇద్దరికీ తెలుసు. ఒకసారి మాటల్లో ఆ పత్రిక సంగతి తెచ్చి, రాఘవరావు గారు ఇంతవరకూ తప్పు ఒప్పుకోలేదని మొదలుపెట్టాను. నాన్న పూర్తిగా విన్నాడు. చెప్పులు వేసుకుంటూ, "ఆయనకి ఏడు ఉత్తరాలు రాశావు కదమ్మా. మా అడ్రసు కూడా నీకు తెలుసు" అన్నాడు.

ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాక కార్డు తీసుకున్నాను. ఫిర్యాదు రాయడం నాకు నీళ్ళు తాగినంత తేలిక, ఇది మాత్రం మూడు కార్డులు పాడయ్యాక గానీ కుదరలేదు. "నాన్నా, సందులు మూయడం నీ తప్పు కాదు. ఎందుకున్నాయో నీకు చెప్పకపోవడం నా తప్పు. నలుగురి ముందు చెప్పినదాన్ని, ముందు నీకు చెప్పాల్సింది. ఆ పొద్దున అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. కాశింబీ." చివర ఇంకో వాక్యం, నా వైపు నుంచి కొంచెం సంజాయిషీ, రాద్దామనుకుని చోటు ఉన్నా మానేశాను.

జవాబు రాలేదు. పదిహేను రోజులకి ఆదివారం పొద్దున మనిషే వచ్చాడు. అమ్మ పంపిన పచ్చడి సీసా గూట్లో పెట్టాడు, కాళ్ళు కడుక్కున్నాడు, కండువాతో తుడుచుకున్నాడు. మంచం మీద తొమ్మిదో తరగతి ఏ సెక్షను, బీ సెక్షను పేపర్లు రెండు కట్టలుగా ఉన్నాయి. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన ప్రశ్న కోసం చూస్తున్నాను. ఆయన ఏమీ అడగలేదు. రెండు కట్టల్నీ ఒక్క చేత్తో గోడ వైపు నెట్టేసి, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, "టీ పెట్టవా?" అన్నాడు. దారాలు ఊడి రెండు సెక్షన్లూ కలిసిపోయాయి. వాటిని విడదీయడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. ముందు మాత్రం టీ పెట్టాను.